తమ్ముడి వాటా

స్కానింగు గది బయట బెంచీ మీద కూర్చున్న కాసేపట్లోనే అమ్మ పక్కావిడతో మాటలు కలిపేసింది. కోడలు లోపల బల్ల మీద ఉంది. కొడుకు గుమ్మం బయట ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. కూతురి చేతుల్లో నీళ్ళ సీసా, దుప్పటి, పళ్ళ సంచి, వాటన్నిటి మీదా కోడలి చెప్పులు. అంతమందిలో ఖాళీగా ఉన్నది అమ్మ నోరొక్కటే. దానికి ఖాళీగా ఉండడం బొత్తిగా చేతకాదు.

“మా కోడలికి కవలలండీ. మా ఇంట్లో కొత్తేం కాదు. వీళ్ళిద్దరూ కవలలే,” అంటూ పక్కనున్న కూతుర్నీ, గుమ్మం దగ్గరి కొడుకునీ చూపించింది.

పక్కావిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. కొడుకు పొట్టకి చొక్కా బొత్తాలు బిగుసుకుపోయి ఉన్నాయి. కూతురు ఎండుపుల్లలా ఉంది. “పోలికే లేదండీ!” అంది.

“ఇప్పుడిలా తయారయ్యారు గానీ పుట్టినప్పుడు చూడాల్సింది. ముందు ఇది వచ్చింది, గుమ్మడికాయంత. వెనకాల వాడు, పిల్లికూనలా. కడుపులోనే తమ్ముడి వాటా కూడా తినేసింది మహాతల్లి!”

పక్కావిడ పకపకా నవ్వింది. కూతురూ నవ్వింది. ఆ మాటకి నవ్వడం ఆమెకి ఊహ తెలిసినప్పటినుంచీ అలవాటే. నవ్వకపోతే ఉడుక్కుందంటారు, ఉడుక్కుంటే ఇంకోసారి అంటారు. వయసు నలభైకి దగ్గరపడుతున్నా, ఒంట్లో చారెడు కండ లేకపోయినా, ఇంట్లోనూ వీధిలోనూ కుట్టు షాపులోనూ ఆమె బొద్దక్కే. పిల్లికూన మాత్రం అమ్మకి ఇప్పటికీ “మా బక్కోడు.”

తలుపు తెరుచుకుంది. నర్సు తల బయటపెట్టి, “ఈవిడ తరఫువాళ్ళు రండి,” అంది. తమ్ముడు ఫోను జేబులో వేసుకుని అక్క వంక చూశాడు. అమ్మా ఆమె వంకే చూసింది. చెప్పులూ సంచీ సీసాతో సహా బొద్దక్క ముందు నడిచింది. ఆమె వెనక వాళ్ళిద్దరూ నడిచారు.

లోపల చీకటిగా, చల్లగా ఉంది. మరదలు వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక ఒక పక్కకి ఒరిగి ఉంది. పొట్ట నున్నగా, తడితే మోగేటట్టు బిగిసి ఉంది. డాక్టరమ్మ తెర మీదనుంచి కళ్ళు తిప్పకుండానే అడిగింది.

“ఇద్దరికీ మాయ ఒక్కటే, రెండు వారాలకోసారి తప్పకుండా రావాలని చెప్పానా లేదా? పోయినసారి ఎందుకు రాలేదు?”

“అక్కకి కుదర్లేదండీ,” అన్నాడు తమ్ముడు.

“కడుపు మీ అక్కదా?”

“కాదండీ. మా ఆవిడది.”

“మరి మీరేం చేస్తున్నారు?”

తమ్ముడికి ఆ ప్రశ్న అర్థమే కాలేదు. అమ్మ అందుకుంది. “ఇవన్నీ మా అమ్మాయే చూసుకుంటుందండీ. ఆ వారం షాపులో యూనిఫారాల హడావుడి అని ఇది కదల్లేదు. లేకపోతే తప్పేదా?”

బొద్దక్క తల వంచుకుంది. తప్పు తనదేనని ఆమెకీ గట్టిగానే అనిపించింది. అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి ఉంది, అది ఎవరికీ తెలీదు. ఈ వారంలోనే మరదలి గౌనుకి పక్క కుట్లు విప్పి వదులు చేసింది. రెండురోజులు తిరక్కుండానే అది మళ్ళీ బిగుసుకుపోతే మళ్ళీ విప్పింది. టేపుతో కొలుస్తూ, “అబ్బో, పిల్లలు పోటీపడి పెరుగుతున్నారే!” అని మురిసిపోయింది కూడా. కొలతలతో బతికే మనిషి. ఆ కొలత తేడాగా ఉందని ఆమెకి తట్టలేదు.

“పొట్ట ఇంతలా పెరిగింది పిల్లల వల్ల కాదు, ఉమ్మనీటి వల్ల,” అంది డాక్టరమ్మ. వేలితో తెర మీద ఒక పెద్ద నల్లటి మడుగు చూపించింది. అందులో పెద్దది తేలుతోంది. ఇంకో మూల చిన్నది గోడకి అంటించినట్టు కదలకుండా ఉంది. “దీని చుట్టూ నీళ్ళే లేవు. పొర ఒంటికి చుట్టుకుపోయింది. దీని మూత్రపు సంచి కోసం ఇందాకట్నుంచీ వెతుకుతున్నా, కనపడ్డం లేదు. రక్తం చాలక మూత్రమే తయారవడం లేదు. చిన్నదాని రక్తం పెద్దదానికి పోతోంది.”

“అయ్యో అయ్యో!” అమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. “ఇదీ అంతేనా? దీనిదీ మేనత్త బుద్ధేనా?”

చీకట్లో ఎవరూ బొద్దక్క మొహం చూడలేదు.

*

ఆ పూటే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. మర్నాడు పొద్దున లేజరు వైద్యం చేసే పెద్ద డాక్టరు వస్తాడు. పొట్టలోకి సన్నటి గొట్టం పంపి, మాయ మీద ఒకరినుంచి ఒకరికి కలిసిపోయిన రక్తనాళాల్ని వెతికి కాల్చి మూసేస్తాడు. చెయ్యకపోతే ఇద్దరూ దక్కడం కష్టం. చేసినా ఇద్దరూ దక్కుతారని మాటివ్వలేరు.

వార్డులో మరదలికి కిటికీ పక్క మంచం దొరికింది. బొద్దక్క దిండు ఒకటి నడుముకి, ఒకటి మోకాళ్ళ మధ్య, దుప్పటి చుట్టచుట్టి పొట్ట కింద పెట్టి, ఊపిరి ఆడే వాలు కోసం అటో అంగుళం ఇటో అంగుళం జరిపి చూసింది. గుడ్డని బల్ల మీద సర్దేటప్పుడు కూడా ఆమె ఇలాగే చేస్తుంది. మడత పడితే అరచేత్తో నిమురుతుంది, లాగదు.

ఫోను మోగింది. షాపు యజమాని. కటింగు మాస్టారికి చూపు మందగించి మానేస్తున్నాడు. వారం పదిరోజులుగా ఇదే మాట.

“సోమవారంనుంచి కటింగు బల్ల నీదమ్మా. ఊ అంటావా, కొత్తవాణ్ణి చూసుకోనా?”

“మా తమ్ముణ్ణి అడిగి చెబుతానండీ.”

“కత్తెర పట్టుకునేది మీ తమ్ముడా?”

ఇవాళ అందరూ ఒకటే ప్రశ్న అడుగుతున్నారనుకుని బొద్దక్క ఫోను పెట్టేసింది. కటింగు బల్ల అంటే ఆమెకి ప్రాణం. ఇన్నేళ్ళూ మిషను తొక్కుతూ, ఓరకంట మాస్టారి చేతులు చూసి నేర్చుకుంది. ఒక్కసారి కత్తెర తప్పితే తానులకి తానులే పాడవుతాయి కాబట్టి ఆ బల్ల దగ్గరికి ఎవర్నీ రానివ్వరు. అలాంటిది పిలిచి ఇస్తున్నారు. కానీ పిల్లలు పుడితే ఎవరు చూస్తారు? ఇంట్లో ఆ సంగతి ఎవరూ చర్చించలేదు. చర్చించడానికేం ఉంది, బొద్దక్క ఉందిగా!

అమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని కోడలి పొట్టకి బుద్ధులు చెబుతోంది. “ఒసే తిండిపోతూ, నీ పక్కనున్నది నీ తోడబుట్టిందే. దానికో ముద్ద వదలవే. రేపు డాక్టరొచ్చి నీ పని పడతాడు చూడు.”

తమ్ముడు నవ్వబోయి, పెళ్ళాం మొహం చూసి ఆగిపోయాడు. కాసేపటికి అమ్మని ఇంటిదగ్గర దింపి వస్తానని లేచాడు. వాళ్ళటు వెళ్ళగానే మరదలు బొద్దక్క చెయ్యి పట్టుకుంది.

“వదినా, ఓ మాట చెప్తాను, ఎవరితోనూ అనకు.”

“చెప్పమ్మా.”

“పెద్దది తన్నినప్పుడల్లా మొదట్లో భలే సంతోషంగా ఉండేది. ఇవాళ అది కదిలితే కోపం వస్తోంది వదినా. నా బిడ్డే. కానీ కోపం వస్తోంది. చిన్నదాన్ని చంపేస్తోంది కదా అనిపిస్తోంది.” ఆమె మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. “నేనేం తల్లినసలు?”

బొద్దక్క ఆమె పొట్ట కింద దుప్పటి సర్దింది. అప్పుడు తట్టింది ఆమెకి. అలా కోపం వచ్చిన తల్లి ఇంకొకావిడ ఉంది. ఆవిడ ఆ కోపాన్ని ఏడుస్తూ ఒక్కసారి చెప్పుకుని ఊరుకోకుండా, నవ్వుతూ ఏళ్ళతరబడి చెప్పుకుంటూ వచ్చింది. ఈ ఆలోచన రావడమే పాపమన్నట్టు బొద్దక్క గబగబా లేచి సీసాలో నీళ్ళు పట్టుకురావడానికి వెళ్ళింది.

*

పొద్దున్నే డాక్టరమ్మ సంతకాల కోసం వచ్చింది. కళ్ళ కింద నల్లగా, జుట్టు నిన్నటి ముడిలోనే ఉంది. ఏం చేయబోతున్నారో మరదలికి ఓపిగ్గా మళ్ళీ చెప్పి, సంతకం పెట్టించుకుంది. అమ్మకి మాత్రం ఒక సందేహం మిగిలింది.

“డాక్టరమ్మా, ఆ లేజరుతో పెద్దదాని నోరు కట్టేస్తారన్నమాట. అంతేగా?”

“నోరేంటండీ?”

“అదే, అది తినేస్తోంది కదా చిన్నదాని వాటా.”

డాక్టరమ్మ కాగితాలు మంచం మీద పెట్టింది. ఆమె విసుక్కుంటుందని బొద్దక్క అనుకుంది. విసుక్కునే ఓపిక కూడా ఆమెలో లేనట్టుంది.

“చూడండి పెద్దమ్మా. పెద్దది ఏమీ తినడం లేదు. దానికేం తెలుసు పాపం! మాయ మీద నాళాలు అలా కలిశాయి, అంతే. చిన్నదాని రక్తం వచ్చి దీని నెత్తిన పడుతోంది. వద్దనడానికి దానికి వీల్లేదు. అంత రక్తాన్నీ తోడలేక దాని గుండె వాచిపోయింది. నిన్న మీరంతా చిన్నదాని గురించే అడిగారు. నాకు ఎక్కువ భయంగా ఉన్నది పెద్దదాని గురించే.”

వార్డులో ఎవరో దగ్గారు. మరదలు రెండు చేతులూ పొట్ట మీద వేసుకుని పైకప్పు వంక చూస్తోంది. కళ్ళ చివర్లనుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. అమ్మ, “అదేంటమ్మా, లావుగా ఉంది కదా, దానికేం?” అని గొణిగింది.

డాక్టరమ్మ బయటికి నడిచింది. బొద్దక్క వెనకే వెళ్ళింది. ఎందుకు వెళుతోందో ఆమెకే సరిగ్గా తెలీదు. వరండా చివర డాక్టరమ్మ కోటు జేబులోంచి బిస్కట్టు తీసి సగం కొరికేసరికి ఎదురుగా ఈవిడ నిలబడి ఉంది.

“చెప్పండమ్మా.”

“ఏం లేదండీ. నేనూ మా తమ్ముడూ కవలలం. నేను లావుగా పుట్టాను, వాడు బక్కగా. వాడికి మూడేళ్ళదాకా నడక కూడా రాలేదట. అంటే నాదీ ఇలాంటిదేనా అని…”

“ఏది?”

“వాడి రక్తం నాకు వచ్చేసిందా అని.”

డాక్టరమ్మ నములుతూ ఆమెని ఒకసారి పైనుంచి కిందికి చూసింది. “మీరు ఆడ, ఆయన మగ. అవునా? అయితే మీవి విడివిడి మాయలు. పక్కపక్కనే అతుక్కుని ఉన్నా ఎవరి రక్తం వాళ్ళదే. ఇటుది అటు పోదు, అటుది ఇటు రాదు.”

“మరి వాడు అంత చిన్నగా ఎందుకు పుట్టాడండీ?”

“ఆయన మాయ బలంగా లేదేమో. సరైన చోట అతుక్కోలేదేమో. అన్నిటికీ కారణం తెలీదమ్మా. మీకైతే సంబంధం లేదు.” మిగతా సగం బిస్కట్టు నోట్లో వేసుకుని, చేతులు దులుపుకుని, ఆమె ఇంకో వార్డులోకి వెళ్ళిపోయింది. తనేం చెప్పిందో ఆమెకి తెలీదు. పొద్దుటినుంచీ చెబుతున్న వంద జవాబుల్లో అదొకటి.

బొద్దక్క మెట్ల మీద కూలబడింది. ఏడుపొస్తుందేమో అనుకుంది గానీ రాలేదు. సంతోషమూ రాలేదు. ముందుగా ఒళ్ళంతా నీరసం వచ్చింది, మూటలు మోసి మోసి దింపాక వస్తుందే, అలాగ. తర్వాత కోపం వచ్చింది. అది ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. చూపుడు వేలి మీద కత్తెర పట్టి కాచిన కాయని బొటనవేలితో రుద్దుకుంది.

*

మరదల్ని లోపలికి తీసుకెళ్ళాక చేసేదేం లేదు. అమ్మ బెంచీ మీద కునుకు తీస్తోంది. తమ్ముడు కిందకెళ్ళి రెండు బన్నులు, టీ తెచ్చాడు. బొద్దక్క చెయ్యి దానంతటదే తన బన్నులో సగం తుంచి తమ్ముడి కాగితంలో పెట్టింది.

“వద్దక్కా.”

“తిను. నిన్నట్నుంచీ ఏం తిన్నావు గనక?”

“నిజంగా వద్దే.” తమ్ముడు ఆ ముక్కని చూస్తూ కూర్చున్నాడు. రాత్రంతా నిద్రలేక మొహం ఉబ్బి ఉంది. “నీకో సంగతి ఎప్పుడూ చెప్పలేదు. చిన్నప్పుడు నీ గ్లాసులో పాలు నా గ్లాసులో వంపేదానివి, గుర్తుందా?”

“ఎందుకు గుర్తులేదు? అమ్మ చూడకుండా వంపేదాన్ని.”

“అమ్మ చూస్తుండగానే వంపేదానివి. నాకు కడుపు ఉబ్బరించి నొప్పొచ్చేది. వద్దంటే నువ్వు చిన్నబుచ్చుకుంటావని తాగేసి, పెరట్లోకెళ్ళి కక్కుకునేవాణ్ణి.”

బొద్దక్క అతని వంక వింతగా చూసింది. తర్వాత ఫక్కున నవ్వింది. అతనూ నవ్వాడు. అమ్మ కునుకులోంచి కదిలి, “ఏంటర్రా?” అని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

“చెప్పి చావచ్చు కదరా!”

“చెబితే వినేవాళ్ళెవరు? వాడికి పెట్టు, వాడికి పెట్టు అని మీ ఇద్దరూ. ఇందాక ఆ డాక్టరమ్మ, వద్దనడానికి దానికి వీల్లేదు అన్నప్పుడు…” అతను ఆగిపోయి టీ కప్పు అంచు గోటితో గిల్లాడు. “నిన్న ఆవిడ, కడుపు మీ అక్కదా అనడిగింది. సిగ్గేసింది నాకు. ఆ వారం నేనే తీసుకురావచ్చు. షాపుకి సెలవు పెట్టలేనన్నావు నువ్వు, అయితే వచ్చే వారం వెళ్దాంలే అన్నాను నేను. ఏ గదిలోకి వెళ్ళాలో, ఎవర్ని అడగాలో కూడా నాకు తెలీదక్కా. మా ఆవిడ అప్పుడే ఊపిరాడ్డం లేదంది. నేను కిటికీ తీశాను.”

బొద్దక్కకి ఎప్పటిలా, పోనీలేరా నేనున్నాగా అనబుద్ధేసింది. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, సగం బన్ను తిరిగి తీసుకుని తను తినేసింది. ఆకలి వేస్తోందని అప్పుడే తెలిసింది ఆమెకి.

మధ్యాహ్నానికి పెద్ద డాక్టరు మూతికి కట్టుకున్న గుడ్డ దింపుకుంటూ బయటికొచ్చాడు. నాళాలు మూసేశామన్నాడు. ఎక్కువైన నీరు తీసేశామన్నాడు. ప్రస్తుతానికి రెండు గుండెలూ కొట్టుకుంటున్నాయి, ఈ నాలుగురోజులూ గడిస్తే అప్పుడు మాట్లాడుకుందామన్నాడు.

*

ఆ నాలుగురోజులూ మరదలు పొట్ట మీంచి చెయ్యి తియ్యలేదు. నీరు తీసేశాక పొట్ట తగ్గి, గౌను మళ్ళీ వదులయింది. బొద్దక్క విప్పిన కుట్లు రెండుపక్కలా గాల్లో వేళ్ళాడుతున్నాయి.

మళ్ళీ అదే చీకటి గది. ఈసారి అందరూ ఒకేసారి లోపలికి దూరారు, నర్సు వద్దంటున్నా. డాక్టరమ్మ తెర మీద అటూ ఇటూ వెతికింది. ఉన్నట్టుండి డాక్టరమ్మ మొహంలో అలసట కాస్త సడలింది.

“ఇదిగో, ఇక్కడ చూడండి. ఈ చిన్న నల్లటి బుడగ. మూత్రపు సంచి. నిండింది.”

“అంటే?” అన్నాడు తమ్ముడు.

“అంటే మీ చిన్నది ఉచ్చ పోస్తోంది.”

ఒక పసికందు ఉచ్చకి నలుగురు పెద్దవాళ్ళు అంతలా మురిసిపోవడం ఆ గదికి కొత్త కాకపోవచ్చు. తమ్ముడు గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మ రెండు చేతులూ జోడించి, “నా తల్లే, నా బంగారమే, నిలబడ్డావే!” అంటూ తెరకి దండం పెట్టింది. నర్సు కూడా నవ్వింది. డాక్టరమ్మ జెల్లు తుడవడానికి గుడ్డ అందుకుంది.

“పెద్దది ఎలా ఉందండీ?” అంది బొద్దక్క.

నవ్వులు ఆగాయి. మరదలు తల తిప్పి వదిన వంక చూసింది. ఆ చూపులో ఎంత కృతజ్ఞత ఉందో చీకట్లో కూడా తెలిసింది.

డాక్టరమ్మ గుడ్డ పక్కన పెట్టి మళ్ళీ తెర వైపు తిరిగింది. “దాని గుండె ఇంకా వాచే ఉంది. కోలుకోవడానికి వారాలు పడుతుంది. కోలుకుంటుందనే ఆశ. ప్రతి వారం రావాలి, ఒక్కటి కూడా తప్పకూడదు. దాన్ని ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.”

బయటికొచ్చాక తమ్ముడు అలవాటుగా, “అక్కా, వచ్చే వారం…” అని మొదలుపెట్టాడు.

“నాకు షాపుంది. సోమవారంనుంచి కటింగు బల్ల నాది, ఫోన్ చేసి చెప్పేశాను. నువ్వు తీసుకురా. మందుల గది కింద ఎడం పక్కన, ఈ గది పైన. సాయంత్రాలు నేనొస్తాను.”

అమ్మ నిర్ఘాంతపోయింది. “పిల్లలు అటో ఇటో అన్నట్టుంటే నీకు కత్తెర ముఖ్యమా? అవున్లే, కడుపులో ఉన్నప్పట్నుంచీ నీది అంతే కదా! తమ్ముడి వాటా…”

“తినలేదమ్మా.”

గట్టిగా కూడా అనలేదు. అయినా అమ్మ ఆగిపోయింది.

“నా మాయ నాది, వాడి మాయ వాడిది. డాక్టరమ్మని అడిగాను. వాడిది నేనేం తినలేదు. ఆ మాట నన్ను ఇన్నాళ్ళూ అన్నావు, సరే. దాన్ని మాత్రం అనకు.” మరదలి పొట్ట వైపు చూపించింది. “పుట్టాక కూడా అనకు. నవ్వులకి కూడా వద్దు.”

అమ్మ బెంచీ మీద కూర్చుంది. బొత్తిగా చిన్నదైపోయినట్టు కనిపించింది. కొంగుతో లేని చెమట తుడుచుకుంది.

“నాకేం తెలుసే? పురుడు పోసినావిడ అంది ఆ మాట. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వాడు బతుకుతాడని ఎవరూ అనలేదు అప్పుడు. ఎవరో ఒకర్ని తిట్టుకోకపోతే నాకు పిచ్చెత్తేది. నువ్వు గట్టిగా ఉన్నావు, తట్టుకుంటావనుకున్నాను.”

బొద్దక్కకి ఆమె మీద జాలి వేసింది, కోపమూ పోలేదు. రెండూ పక్కపక్కనే ఉండిపోయాయి. నీళ్ళ సీసా, దుప్పటి, సంచి ఒక్కొక్కటే తమ్ముడి చేతుల్లో పెట్టింది. చివర్న చెప్పులు. అతను అన్నిటినీ పొట్టకి అదుముకుని, ఏది ముందు కింద పెట్టాలో తెలియక తంటాలు పడి, ఎలాగో వంగి చెప్పులు పెళ్ళాం కాళ్ళ ముందు పెట్టాడు. కుడిది ఎడం పక్కా, ఎడమది కుడి పక్కా.

బొద్దక్క చెయ్యి సరిచెయ్యడానికి ముందుకొచ్చి ఆగింది. మరదలు కాలి వేళ్ళతో వాటిని తనే అటూ ఇటూ మార్చుకుంది. తర్వాత పొట్టకి కుడివైపు, పెద్దది ఉన్న వైపు, అరచెయ్యి ఆనించుకుని నిలబడింది.

“కదులుతోంది వదినా,” అంది.